నానబెట్టని ప్లేటు

ఇంకొల్లు బస్టాండు వీధిలో షాజాదీ కొట్టెక్కడని ఎవరిని అడిగినా ముందు తొట్టినే గుర్తు చెబుతారు. "పురుగుమందుల కొట్టు దాటండి. గుమ్మం ముందు పాత కుడితి తొట్టి ఉంటది, అంచునిండా అట్టముక్కలు వేలాడతా. అదే."

నిజమే, ఆ సిమెంటు తొట్టిలో ఒకప్పుడు గేదె కుడితి తాగింది. ఇప్పుడు అందులో ప్లాస్టిక్‌కి బదులుగా షాజాదీ అమ్మే ప్రతి సరుకులోంచీ ఒక ముక్క నానుతూ ఉంటుంది. గుడ్డ సంచి ముక్క, కొబ్బరి పీచు, మోదుగాకు విస్తరి, కాగితం కవరు. ఒక్కోదానికి ఒక దారం, దారం చివర తొట్టి బయటికి వేలాడే అట్టముక్క, దాని మీద మూడు సంగతులు: వస్తువు, తెచ్చినవారు, తేదీ. కొత్త సరుకు ఏది వచ్చినా ముందు తొట్టిలో పడాల్సిందే. కుళ్ళితే కొట్లోకి వస్తుంది, కుళ్ళకపోతే తెచ్చినవాడి చేతికే తిరిగి పోతుంది. ఒకసారి గుంటూరునుంచి ఒకాయన 'మట్టిలో కలిసిపోయే సంచులు' అని ఆకుపచ్చ అక్షరాలు అచ్చేసిన కవర్లు తెచ్చాడు. షాజాదీ ఒకటి తీసి తొట్టిలో వేసి, "మూడు నెలలాగి రండి" అంది. ఆయన మూడు నెలలకి రాలేదు, ముప్పై నెలలకీ రాలేదు. కవరు మాత్రం నిన్నగాక మొన్న అచ్చేసినట్టు చాలాకాలం ఆ నీళ్ళలో మెరుస్తూనే ఉంది.

తొట్టి కంపు కొడుతోందని పక్కనున్న పురుగుమందుల కొట్టాయన పంచాయతీలో కాగితం కూడా పెట్టాడు. ఏడాది పొడుగునా ఆ డబ్బాల మధ్య కూర్చునే మనిషికి కుళ్ళిన ఆకు వాసన తగిలిందంటే ఆ ముక్కుని మెచ్చుకోవాల్సిందే.

ఆ తొట్టి ఆలోచన షాజాదీది కాదు, శేషాచలం మాస్టారిది. ఆ మాట ఆవిడ వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెప్పుకునేది. ఇప్పుడూ అడిగితే చెబుతుంది, గర్వం ఒక్కటీ తీసేసి.

షాజాదీ తండ్రి నాగూర్ వలి దూది ఏకేవాడు. పత్తి పండే ఊళ్ళు తిరిగి, ఇళ్ళ ముందే విల్లు పెట్టి దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టిచ్చేవాడు. ఊళ్ళోకి స్పాంజి పరుపులొచ్చాక ఆయన విల్లు అటకెక్కింది, ఆయన మిరపకాయల కూలికి వెళ్ళాడు. ఆ ఇంటి పిల్ల హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు, ప్రకృతిశాస్త్రం చెప్పే శేషాచలం మాస్టారు పిల్లలందరినీ ఇంటినుంచి తలా ఒక వస్తువు తెమ్మన్నారు. ఒకడు అరిటాకు తెచ్చాడు, ఒకత్తి పుస్తకం అట్ట తెచ్చింది, షాజాదీ పాత పరుపులోంచి గుప్పెడు దూది తెచ్చింది. మాస్టారు తమ ఇంట్లోంచి ఖాళీ పాల కవరు తెచ్చారు. బడి వెనక వరసగా గోతులు తవ్వించి అన్నీ పాతిపెట్టారు. ఒక్కో గోతిలో ఒక రేకుముక్క. దాని మీద పిల్లలు మేకుతో వస్తువు పేరూ తెచ్చినవారి పేరూ గీయాలి, తేదీ మాత్రం మాస్టారు గీస్తారు.

"ఎవరు తెచ్చారో రాయకపోతే అది ప్రయోగం కాదురా, పుకారు" అనేవారాయన. "ఎవరి మాటా నమ్మొద్దు. నా మాట కూడా. తవ్వి చూడండి."

వేసవి సెలవులయ్యాక గోతులు తవ్వే పని షాజాదీకి అప్పగించారు. అరిటాకు లేదు, అట్ట లేదు, దూది మట్టిరంగు పీచులా నాలుగు పోగులు మిగిలింది. పాల కవరు మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని పక్కన రేకుముక్క మీద, 'తెచ్చినవారు: శేషాచలం'. మాస్టారు పకపకా నవ్వి, "చూశారా, అందరూ పోయారు, నా పేరే మిగిలింది" అన్నారు. ఆ నవ్వు షాజాదీకి ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పదో తరగతితో చదువాగింది. మాబుతో పెళ్ళయింది. మాబు ఆటో తోలేవాడు, మంచివాడు, కోపం ఒక్కటే కాస్త ఎక్కువ. ఇద్దరు పిల్లలు పుట్టి బడికెళ్ళే వయసొచ్చాక షాజాదీ కుట్టుమిషను కొనుక్కుని, చీరాల మగ్గాల దగ్గర మిగిలే గుడ్డ పీలికలతో సంచులు కుట్టడం మొదలుపెట్టింది. అప్పటికి రిటైరైన మాస్టారు ఓ రోజు సంచి కొనడానికి వచ్చి, కుట్టు తిప్పి చూసి, "ఇంట్లో కూర్చుని కుడితే ఎవరికి తెలుస్తుందమ్మాయ్? కొట్టు పెట్టు" అన్నారు. అద్దెకి గది మాట్లాడిందీ ఆయనే, మొదటి రోజు ముగ్గురికి చెప్పి మూడు సంచులు అమ్మించిందీ ఆయనే. తొట్టి మాత్రం జానీబీ ఇచ్చింది. ఆవిడ షాజాదీకి వరసకి పెద్దమ్మ. భర్త పోయాక ఒక్క గేదెని పెట్టుకుని పాలమ్మి బతుకుతోంది. గేదెకి ప్లాస్టిక్ టబ్బు కొన్నానని ఈ సిమెంటు తొట్టి పారేయబోతుంటే షాజాదీ ఆటోలో వేయించుకొచ్చింది. గేదె ప్లాస్టిక్‌లోకీ, ప్లాస్టిక్ వద్దనేవాళ్ళు గేదె తొట్టిలోకీ మారారని మాబు చాలారోజులు నవ్వాడు.

ప్రతి పొద్దునా మాస్టారు పేపరు పట్టుకుని వచ్చేవారు. ఆయనకని కొట్లో ఒక స్టూలు. కూర్చునే ముందు తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, కొత్త అట్టముక్క కనిపిస్తే జేబులోంచి ఎర్ర పెన్ను తీసి తేదీ వేసేవారు. షాజాదీ కావాలనే ఆ చోటు ఖాళీగా వదిలేది. నలభై దాటిన మనిషికి, ఆ ఎర్ర సిరా చూడగానే తొమ్మిదో తరగతిలో కాపీ దిద్దించుకున్నంత సంతోషం.

ఏడేళ్ళలో షాజాదీ ఊరిని చాలానే మార్చింది. ఆదివారం పొద్దున్నే అన్వర్ మటన్ కొట్టు దగ్గరికెళ్ళి చూడండి, సగం మంది చేతుల్లో స్టీలు డబ్బాలుంటాయి. అవి ఊరికే రాలేదు. ఎనిమిది ఆదివారాలు ఆవిడ ఆ కొట్టు ముందు డబ్బాలు పట్టుకుని నుంచుని, నల్లకవరు అడిగినవాళ్ళందరికీ డబ్బా చేతిలో పెట్టింది. "ఏంటమ్మా నీ గోల, నాలిక్కి నచ్చితే చాలదా, నీక్కూడా నచ్చాలా?" అని అరిచినవాళ్ళు అరిచారు. అరిచినవాళ్ళే తర్వాత డబ్బా మర్చిపోయి వచ్చి సిగ్గుపడ్డారు. పెళ్ళిళ్ళకి స్టీలు గ్లాసులు ఊరికే ఇచ్చేది, కడిగి తిరిగివ్వాలి, అంతే షరతు. మిరపకాయలు కోతకొచ్చే రోజుల్లో చేలకెళ్ళి, కూలివాళ్ళు తాగి పారేసిన నీళ్ళ ప్యాకెట్లు ఏరుకుంటూ ఒక్కో మేస్త్రికీ ఒక్కో కుండ అంటగట్టేది.

అన్నిటికన్నా పెద్దది విస్తళ్ళ సంగతి. "మా కొట్లో ఆకు తిన్నాక పారేయక్కర్లేదు, గేదెకి వేయండి" అని ఆవిడ ఊరంతా చెప్పింది. భోజనాలయ్యాక ఎంగిలి విస్తళ్ళు పశువులకి వేయడం ఇక్కడ తాతలనాటి అలవాటే. మధ్యలో థర్మాకోల్ ప్లేట్లు వచ్చి దాన్ని చెడగొట్టాయి. షాజాదీ తిరిగి పట్టాలెక్కించింది. ఏ ఇంట్లో ఫంక్షనైనా విస్తళ్ళ బస్తా జానీబీ పెద్దమ్మ గుమ్మానికి చేరేట్టు మాట్లాడింది. మెతుకులూ కూరా అంటిన ఆకులు చుక్కకి పండగ. చుక్క అంటే ఆ గేదె, నుదుటిమీద తెల్ల మచ్చ ఉండేది. గడ్డి ఖర్చు కలిసొచ్చి జానీబీ షాజాదీని కనపడ్డ చోటల్లా దీవించేది.

పోయిన సంక్రాంతి వెళ్ళిన వారానికి మాస్టారు ఒక అట్టపెట్టె మోసుకుని వచ్చారు. అందులో మోదుగాకు ప్లేట్లు. చేత్తో కుట్టినవి కావు, మిషను మీద నొక్కినవి. గుండ్రంగా, అంచు లేచి, ముద్దొచ్చేట్టున్నాయి.

"మా అల్లుడు సాయికౌశిక్ లేడూ, హైదరాబాదులో ఉద్యోగం పోయింది. మిషను పెట్టాడు. పైన ఆకు, కింద ఆకు, మధ్యలో అట్ట. నీ కొట్లో పెట్టమ్మా" అన్నారాయన.

షాజాదీ రెండు చేతులా అందుకుంది. అలవాటు చొప్పున ఒక ప్లేటు పట్టుకుని తొట్టి దాకా వెళ్ళింది కూడా. అక్కడ ఆగిపోయింది. అట్టముక్క మీద ఏం రాయాలి? తెచ్చినవారు: శేషాచలం మాస్టారు, అనా? ఆయన స్టూలు మీద కూర్చుని చూస్తుండగా, ఆయన సరుకుని ఆ గుంటూరు కవర్లాయన సరుకులా నీళ్ళలో పడేయడమా? చెయ్యి రాలేదు. గురువుని పరీక్ష రాయమన్నట్టు సిగ్గేసింది. ప్లేటు తెచ్చి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

మాస్టారు ఆవిడ వెళ్ళడం చూశారు, రావడం చూశారు. ఏమీ అనలేదు. పేపరు పేజీ తిప్పుకున్నారు.

ఆ ఎండాకాలం పెళ్ళిళ్ళన్నిటికీ ఆ ప్లేట్లే. వంట మేస్త్రి కోటేష్ ఒకసారి ఆశ్చర్యపోయాడు. "ఏంటమ్మా ఇది, ఆకేనా? సాంబారు పోసి గంటసేపు పెట్టినా బొట్టు దిగలా! కుట్టిన విస్తరైతే ఈపాటికి బల్ల తడిసేది." షాజాదీ పొంగిపోయింది. "మరి ఎవరి సరుకనుకున్నావ్ కోటేషూ? మాస్టారిది!" అంది. నీళ్ళు దిగని ఆకు ప్లేటు చూసి అనుమానపడాల్సిన మనిషి గర్వపడింది. అదే ఆవిడ చేసిన తప్పు. ఊళ్ళో మరొకరెవరైనా ఆ ప్లేటు తెచ్చుంటే ఆవిడ ఆ తప్పు చేసేదే కాదు.

ఆషాఢంలో చుక్క మేత మానేసింది. పొట్ట ఉబ్బింది, నెమరు ఆగింది. జానీబీ వాము పట్టించింది, నూనె తాగించింది, దర్గాకి మొక్కుకుంది. నాలుగో రోజు పొద్దున అది పడుకున్న చోటునుంచి లేవలేదు. ఏం రోగమో, పక్క పశువులకి అంటుతుందేమోనని పశువుల డాక్టరు పొట్ట కోసి చూశాడు. షాజాదీ అక్కడే ఉంది. ఆయన చేతి తొడుగుతో లోపలినుంచి ఒక ముద్ద లాగాడు, తర్వాత ఇంకొకటి. బకెట్టులో వేసి నీళ్ళు పోస్తే విడివడ్డాయి. పల్చటి పొరలు. గుండ్రంగా కత్తిరించినవి, చిరిగినవి, ఒకదానికొకటి చుట్టుకున్నవి. కొన్నిటికి ఇంకా ఆకు ఈనె అంటుకునే ఉంది.

"ప్లాస్టిక్" అన్నాడు డాక్టరు. "ఈ ఆకు ప్లేట్లలో అట్టకీ ఆకుకీ మధ్య పొర వేసి వేడిమీద నొక్కుతారమ్మా, అతుక్కోడానికి. ఏ నాలుగైదు నెలలనుంచో తింటా ఉంది పాపం."

జానీబీ బకెట్టు వైపు చూసింది, తర్వాత షాజాదీ వైపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. "నువ్వేగా వెయ్యమంది" అని మాత్రం అంది. అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మర్నాడు కొట్టు ముందు ఎవరో స్టీలు డబ్బా విసిరేసి వెళ్ళారు. కోటేష్ వచ్చి, ముఖం చూడకుండా, శ్రావణమాసం పెళ్ళిళ్ళకి వేరేచోట మాట్లాడుకున్నానని చెప్పి వెళ్ళాడు. "పచ్చదనం, పచ్చదనం అని మనల్ని చంపింది, తనేమో ప్లాస్టిక్ అమ్మింది" అని అన్వర్ కొట్టు దగ్గర అనుకుంటున్నారని మాబు పళ్ళు కొరుకుతూ చెప్పాడు. ఏడేళ్ళు కష్టపడి ఆవిడ సంపాదించింది ఒక్కటే, 'షాజాదీ చెప్పిందంటే నిజమే' అనే మాట. అది నాలుగు రోజుల్లో పోయింది.

అయినా ఆవిడకి ఒక ధీమా ఉంది. మాస్టారున్నారు. పాపం, అల్లుడు ఆయన్నీ మోసం చేసుంటాడు. ఆయనకి సంగతి తెలిస్తే కుమిలిపోతారు, పదిమందిలో నుంచుని నిజం చెబుతారు. ఆయన నోరు తెరిస్తే ఈ ఊళ్ళో ఎదురుచెప్పేవాడెవడు? మూడు రోజులుగా ఆయన పేపరు పట్టుకుని ఎందుకు రాలేదో ఆవిడకి తోచనేలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని, ఎలా చెప్పాలో, చెబితే తట్టుకుంటారో లేదోనని, దారంతా ఆయన గురించే బాధపడుతూ వాళ్ళింటికి వెళ్ళింది. పిచ్చి మనిషి.

మాస్టారు వసారాలో పడకకుర్చీలో ఉన్నారు. షాజాదీ చెప్పిందంతా తల వంచుకుని విన్నారు. ఆయన భార్య సీతారత్నం గారు కాఫీ తెచ్చి, చివర్లో నాలుగు మాటలు విని, గుండెమీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, ఆ ప్లేట్లు జానీబీ గేదెకి వేశారా తల్లీ? మా ఆవు దగ్గరికి మాత్రం రానివ్వొద్దని ఈయన మొదటి రోజే చెప్పారే! అల్లుడు పెట్టె దించుతుంటేనే, కొట్టం వైపు పెట్టకండని అరిచారు. నీకు చెప్పలేదూ?"

షాజాదీ మాస్టారి వైపు తిరిగింది. సీతారత్నం గారికి తనేం అన్నదో అప్పటికి అర్థమైంది. కాఫీ గ్లాసు తిన్నె మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"మీకు తెలుసా మాస్టారూ?" అంది షాజాదీ.

"పొర లేకపోతే ఆకు అతుక్కోదమ్మాయ్. వచ్చే లాటు నుంచి జిగురుతో చేస్తామన్నాడు. పిల్ల కాపురం, మిషను మీద అప్పు... ఒక్క సీజనే కదా అనుకున్నా."

"నేను గేదెకి వెయ్యమని చెబుతున్నట్టు మీకు తెలుసు. మీ ముందే గదండీ చెప్పేదాన్ని, రోజూ, ఆ స్టూలు పక్కన నుంచుని!"

మాస్టారు తలెత్తి, తరగతిలో తప్పు లెక్క చేసిన పిల్లతో మాట్లాడినట్టు అన్నారు. "నువ్వు నానబెట్టి చూసుకోవాల్సింది షాజాదీ. నేను నేర్పిందే అది కదా. నా మాట కూడా నమ్మొద్దని చెప్పానా లేదా?"

ఆయన చెప్పింది అబద్ధం కూడా కాదు, అదే ఆవిడ గుండెని కోసింది. పాతికేళ్ళకి పైగా ఆవిడ దాచుకున్న మాట అది. ఆ మాటనే తీసి ఆయన తన ముందు అడ్డం పెట్టుకున్నారు.

గుమ్మం దిగుతుంటే వెనకనుంచి ఆయన, "పేరు బయటికి రానివ్వకమ్మా. పెద్దవాణ్ణి" అన్నారు.

కాఫీ తాగకుండానే కొట్టుకొచ్చి, మిగిలిన పెట్టెలోంచి ఒక ప్లేటు తీసి షాజాదీ తొట్టిలో వేసింది. దారం కట్టింది. అట్టముక్క కట్టింది. దాని మీద 'ఆకు ప్లేటు' అని రాసింది. 'తెచ్చినవారు' అని రాసి ఆగింది.

"రాయవే!" అన్నాడు మాబు. "ఎందుకాగావ్? నీకు తిట్లు, ఆయనకి దండలూనా?"

"చదువు చెప్పినాయన" అంది షాజాదీ. మాబు ఆటో తాళాలు నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది. తప్పంతా తనదేనని ఒప్పేసుకుంటే ఏమవుతుంది, కొట్టు మూసేసి మళ్ళీ ఇంట్లో సంచులు కుట్టుకుంటే పోలేదా అని కూడా ఆ రోజుల్లో ఆలోచించింది. ప్లేటు మీద ఆకు మెత్తబడింది, నల్లబడింది. అట్ట ఉబ్బి విడిపోయింది. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేది. మాస్టారు మనసు మార్చుకుని వస్తారేమోనని స్టూలు కూడా తుడిచిపెట్టేది. ఇది చెబితే మాబు నవ్వుతాడని చెప్పలేదు.

ఆగస్టు పదిహేను వచ్చింది. హైస్కూల్లో జెండా ఎగరేశాక మాస్టారిని మాట్లాడమన్నారు. ప్రతి ఏడూ ఆయన్నే పిలుస్తారు. బడి మీద కట్టిన మైకు బస్టాండు వీధి చివరిదాకా వినపడుతుంది. షాజాదీ కొట్లో సంచులకి పట్టీలు కుడుతోంది. ఆయన గొంతు వినపడగానే మిషను ఆపింది. ఇప్పుడు చెబుతారు, అనుకుంది. పిల్లల ముందు, ఆ గోతులు తవ్విన బడిలోనే నుంచుని చెబుతారు.

ఆయన చెట్ల గురించి చెప్పారు, నీళ్ళ గురించి చెప్పారు. తర్వాత గొంతు సవరించుకున్నారు. "ఈ మధ్య మన ఊళ్ళో ఒక బాధాకరమైన సంఘటన జరిగింది. పర్యావరణం పేరు చెప్పుకుని వ్యాపారం చేసేవాళ్ళతో జాగ్రత్తగా ఉండండి పిల్లలూ. సరుకు ఎక్కడినుంచి వస్తోందో చూసుకోకుండా అమ్మితే, పాపం, మూగజీవాలు బలైపోతాయి."

చప్పట్లు కొట్టారు. పురుగుమందుల కొట్టాయన కూడా బయటికొచ్చి, షాజాదీ వైపు చూస్తూ తీరిగ్గా కొట్టాడు.

ఆవిడకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. అన్నం పెట్టిన చెయ్యే అని ఇన్నాళ్ళూ కళ్ళకద్దుకున్న చేత్తో చెంప పగలగొట్టించుకున్నట్టయింది. లేచి తొట్టి దగ్గరికెళ్ళి, మోచేతి దాకా చెయ్యి ముంచి దారం లాగింది. ఆకు పిండిలా రాలిపోయింది. అట్ట జారిపోయింది. చేతిలో మిగిలింది గుండ్రటి పొర ఒకటి, దానిలోంచి అవతలి వీధి కనపడేంత శుభ్రంగా. మంచినీళ్ళతో కడిగి, కొట్టు గుమ్మానికి కళ్ళ ఎత్తున వేలాడదీసింది. అట్టముక్క మీద ఖాళీగా ఉన్న చోట, తొమ్మిదో తరగతిలో రాసినంత గుండ్రంగా రాసింది: 'తెచ్చినవారు: శేషాచలం మాస్టారు'. తేదీ వెయ్యలేదు.

జెండా పండగ మిఠాయిలు తింటూ వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగి చదివారు. మధ్యాహ్నానికి కోటేష్ వచ్చి చదివాడు, రెండుసార్లు చదివాడు. "అందుకా సాంబారు దిగలా" అని మాత్రం అన్నాడు.

సాయంత్రం మాస్టారే వచ్చారు. ఖద్దరు చొక్కాకి జెండా బిళ్ళ ఇంకా అలాగే ఉంది. గుమ్మానికి వేలాడే పొర ముందు నుంచుని అట్టముక్క చదివారు. వీధిలో వాళ్ళు అటూ ఇటూ నడుస్తున్నట్టు నటిస్తూ నిలబడిపోయారు.

"తీసెయ్యి అమ్మాయ్" అన్నారు, ఎవరికీ వినపడకుండా. "రిటైరైనవాణ్ణి. నాకు మిగిలింది పేరొక్కటే."

"నాకూ అదొక్కటే ఉండేది మాస్టారూ" అంది షాజాదీ. "ఎవరు తెచ్చారో రాయకపోతే పుకారన్నారు. రాశాను. తేదీ వెయ్యడం మీ పని. వేసి వెళ్ళండి."

ఆయన చెయ్యి తనంతట తానే జేబుమీదికి వెళ్ళింది. ఎర్ర పెన్ను అక్కడే ఉంది, ఇద్దరికీ కనపడుతోంది. కాసేపు దాన్ని పట్టుకుని నుంచున్నారు. తర్వాత చెయ్యి దించేసి, వీధికి అవతలి పక్కగా నడుచుకుంటూ వెళ్ళిపోయారు. అప్పుడొచ్చింది షాజాదీకి ఏడుపు. ఆ మనిషి చెడ్డవాడని కాదు, ఆయన లేకుండా పొద్దున్నే ఆ తొట్టి చుట్టూ ఎలా తిరగాలో తెలియక.

ఆ రోజునుంచీ కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. పెద్దాయన పేరు అలా వేలాడదీస్తుందా, ఎంత పొగరని అన్నవాళ్ళూ ఉన్నారు. అలా అన్నది ఎక్కువగా ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. షాజాదీ వాళ్ళకేం చెప్పలేదు. తనూ వాళ్ళలో ఒకత్తే కదా.

జానీబీ ఇంటికి మాత్రం వారంవారం వెళ్ళి గుమ్మంలో నుంచునేది. పెద్దమ్మ తలుపు తీసేది కాదు. పెళ్ళిళ్ళకి చేత్తో కుట్టిన విస్తళ్ళు కావాలి, నువ్వు కుట్టిపెట్టు పెద్దమ్మా, నీ చేతికి వచ్చిన పనేగా అని తలుపుతోనే చెప్పి, మోదుగాకుల కట్టా ఈనెపుల్లలూ అరుగుమీద పెట్టి వచ్చేది. మొదట్లో అవి అలాగే ఎండిపోయాయి. పత్తి చేలలో కాయ పగిలే రోజులకి ఒక పొద్దున జానీబీ విస్తళ్ళ కట్ట నెత్తిన పెట్టుకుని కొట్టు ముందుకొచ్చింది. కట్ట దించింది, పైనున్న విస్తరి ఒకటి లాగింది, ఒకప్పుడు తన గేదె తాగిన ఆ తొట్టి దగ్గరికి తనే నడిచి దాన్ని నీళ్ళలో ముంచింది.

షాజాదీ కంగారుగా గుమ్మం దిగింది. "నీది ఎందుకు పెద్దమ్మా? నీ చేత్తో కుట్టిందేగా, నాకు తెలియదా?"

తలుపేసుకున్న ఆ రోజునుంచీ షాజాదీతో పెదవి విప్పని జానీబీ అప్పుడు మాట్లాడింది.

"నన్నూ నమ్మమాక. అట్టముక్క మీద నా పేరు రాయి."

షాజాదీ రాసింది. వస్తువు, తెచ్చినవారు. తేదీ దగ్గర చెయ్యి అలవాటుగా ఆగింది. ఒకసారి ఖాళీ స్టూలు వైపు చూసి, అది కూడా తనే వేసుకుంది.